ఒకే బట్టీ, ఎవరి కుండ వారిది

వలస కుటుంబాల బిడ్డలు నిలబెట్టిన ఒక సంస్థ గురించి రాయమని సంపాదకవర్గం అడిగింది. గుడి గురించి, బడి గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను మోంటానా రాష్ట్రంలో హెలీనా ఊరిని ఆనుకుని ఉన్న ఆర్చీ బ్రే ఫౌండేషన్‌ను ఎంచుకున్నాను. అది తెలుగువాళ్లు కట్టింది కాదు. అయినా మన సంఘాల్లో బలంగా పాతుకుపోయిన ఒక నమ్మకానికి ఆ సంస్థ చరిత్రే జవాబు చెబుతుంది. కళాకారుడికి స్ఫూర్తి ఒంటరిగా ఉన్నప్పుడే కలుగుతుందని మనం అనుకుంటాం. కాబట్టే పేరున్నవారిని పిలిచి వేదిక ఎక్కిస్తాం, శాలువా కప్పుతాం, విమానం ఎక్కించి పంపేస్తాం. వాళ్లు పదిమందితో కలిసి పనిచేసే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన మనకు రాదు. మట్టిపనివాళ్ల విషయంలోనైతే ఆ చోటే సగం గురువు అని నా వాదన.

ఆర్చీ బ్రే ఇటుకల వ్యాపారి. మిత్రులు పీటర్ మెలాయ్, బ్రాన్సన్ స్టీవెన్‌సన్‌లతో కలిసి 1951లో తన ఫ్యాక్టరీ ఆవరణలోనే కుండలు, శిల్పాలు చేసేవారికి ఒక కార్యశాల కట్టించారు. ఆ వేసవిలో పనికి కుదిరిన ఇద్దరు యువకులు పీటర్ వౌల్కస్, రూడీ ఆటియో. వౌల్కస్ తల్లిదండ్రులు గ్రీసు నుంచి వచ్చినవారు, ఆటియో తల్లిదండ్రులు ఫిన్లండ్ నుంచి వచ్చినవారు. పగలు ఇటుకల పని, సాయంత్రం కుండల పని. కార్యశాల గోడలు లేపడంలోనూ వాళ్ల చెమట ఉంది. ఇలాంటి చోట పేర్లు వదిలేస్తే అన్యాయమవుతుంది కనుక, బోజ్‌మన్ కాలేజీలో ఇద్దరికీ మట్టిపని నేర్పిన ఫ్రాన్సిస్ సెన్‌స్కాను కూడా తలచుకోవాలి. ఆమె పుట్టింది ఆఫ్రికాలోని కామెరూన్‌లో. 1952 డిసెంబరు చలిలో ఇంగ్లండ్ నుంచి కుమ్మరి బెర్నార్డ్ లీచ్, జపాన్ నుంచి కుమ్మరి షోజీ హమాదా, ఆలోచనాపరుడు సోయెత్సు యనాగి అక్కడికి వచ్చారు. హమాదా సారె మీద కుండ తీస్తుంటే వౌల్కస్, ఆటియో పక్కన నిలబడి చూశారు. పేరులేని పనివాడి చేతిలో పుట్టే అందం గురించి యనాగి చెప్పింది విన్నారు. 1953లో ఆర్చీ బ్రే కన్నుమూశారు. కార్యశాల మాత్రం ఆగలేదు.

ఒకే చోట పనిచేస్తే అందరి పనీ ఒకేలా తయారవుతుందని మనవాళ్లు అడ్డు చెబుతారు. వినడానికి సబబుగానే ఉంటుంది. సాక్ష్యం చూస్తే నిలవదు. ఒకే టీచరు, ఒకే బంకమన్ను, ఒకే హమాదా. అయినా వౌల్కస్ తర్వాతి కాలంలో కుండను చీల్చి, పొడిచి, ముక్క మీద ముక్క పేర్చి నిలబెట్టారు. ఆటియో కుండ చుట్టూ స్త్రీలను, గుర్రాలను గీస్తూ పోయారు. 1981లో హెల్సింకీలోని అరబియా పింగాణీ కర్మాగారానికి వెళ్లి, తల్లిదండ్రుల దేశంలో పనిచేశారు. పక్కవాడు ఏం చేస్తున్నాడో రోజూ కనబడుతుంటే, తాను ఏం చేయకూడదో కూడా తెలుస్తుంది. సారె ఒక్కరిదే కావచ్చు. బట్టీ మాత్రం నిండాలి, నిండాలంటే పదిమంది పచ్చి కుండలు కావాలి. తలుపు తెరిచిన రోజున ఎవరి గ్లేజు పారిందో, ఎవరి కుండ పగిలిందో అందరి కళ్లముందే ఉంటుంది. ఒంటరిగా పనిచేసేవాడికి ఈ పాఠం ఏ పుస్తకమూ చెప్పదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. వౌల్కస్ విప్లవం లాస్ ఏంజెలెస్‌లో జరిగింది, హెలీనాలో కాదంటారు. 1953లో ఆయన బ్లాక్ మౌంటెన్ కాలేజీకి వెళ్లిన మాట, అక్కడా న్యూయార్కులోనూ కొత్త చిత్రకారులను చూసి కదిలిపోయిన మాట నిజం. 1954లో లాస్ ఏంజెలెస్ చేరాకే ఆయన పని పూర్తిగా మారింది. కాదనను. కానీ బ్లాక్ మౌంటెన్ పిలిచేనాటికి ఆయనకు పేరు తెచ్చినవి హెలీనా కుండలే. లాస్ ఏంజెలెస్‌లో ఆయన నడిపిన తరగతి తీరూ హెలీనాదే: గురువూ శిష్యులూ ఒకే గదిలో, పొద్దుపోయేదాకా, పక్కపక్కనే పని. పాల్ సోల్డ్‌నర్, జాన్ మేసన్, కెన్ ప్రైస్ అలా తేలినవారే. పెద్ద నగరాల చరిత్రకారులు ఈ అప్పును కాస్త తక్కువగా రాసుకున్నారని నా అభిప్రాయం.

తర్వాతి కాలం క్లుప్తంగా చెబుతాను. 1960లో ఇటుకల ఫ్యాక్టరీ మూతపడింది. 1984లో ఆ స్థలాన్ని ఫౌండేషన్ కొనుక్కుంది. అంతకుముందు కార్యశాలను కెన్ ఫెర్గుసన్, డేవిడ్ షేనర్ వంటివారు నడిపి నిలబెట్టారు. జపాన్‌లో పుట్టిన అకియో తకమోరి ఇక్కడ పనిచేశారు. ఆయన బొమ్మల్లో చిన్నప్పుడు తండ్రి వైద్యశాలకు వచ్చిన మనుషులు, ఊరివాళ్లు కనబడతారు. షికాగోలో కొరియా కుటుంబంలో పుట్టిన స్టీవెన్ యంగ్ లీ 2006 నుంచి 2022 వరకు డైరెక్టరుగా ఉంటూ, తూర్పు ఆసియా నీలి చిత్రాల కూజాలను బట్టీలో ఒరిగి చిట్లిపోయేలా చేసి చూపించారు. ఇంటి నుంచి తెచ్చుకున్న జ్ఞాపకం ఉమ్మడి గదిలో చెరిగిపోతుందని భయపడేవారు ఈ ఇద్దరి పనీ చూడాలి.

పదిమంది కలిసి పనిచేసే చోటు కావాలన్న మాటే మన హస్తకళల ఉపసంఘం మిత్రులు చాలాకాలంగా సర్వసభ్య సమావేశాల్లో చెబుతున్నారు.  వేదిక, మైకు, లైట్లకు కేటాయించే డబ్బు వృథా అని ఎవరూ అనడం లేదు. మన సంఘం కట్టబోయే కొత్త భవనం నక్షా ఖరారయ్యేలోగా అందులో ఒక గది మట్టిపనికి వదలమని కోరుతున్నాం. దానికి కావలసినవి ఎక్కువేం కావు: ఎలక్ట్రిక్ బట్టీకి విడిగా ఒక కరెంటు లైను, వేడీ పొగా బయటికి పోయే ఏర్పాటు, కాలువలో మట్టి గడ్డకట్టకుండా సింకు కింద ఒక తొట్టి, తడిగుడ్డతో తుడవగలిగే నేల.