ప్రాసెసర్ తాళం పెంచేముందు

కంప్యూటర్ ప్రాసెసర్‌లోని కోట్లాది ట్రాన్సిస్టర్లు తోచినప్పుడు తోచినట్టు పనిచేయవు. స్ఫటికం కంపనాల ఆధారంగా పుట్టే క్రమబద్ధమైన విద్యుత్ స్పందనలకు లోబడి, స్పందనకు ఒక అడుగు చొప్పున ముందుకు కదులుతాయి. ఈ స్పందనల పరంపరను క్లాక్ అంటారు. సెకనుకు వంద కోట్ల స్పందనలైతే ఆ వేగం ఒక గిగాహెర్ట్జ్. నేటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు సాధారణంగా 100 మెగాహెర్ట్జ్ మూల స్పందనను తీసుకుని, దాన్ని గుణకం అనే సంఖ్యతో హెచ్చించి తమ వేగాన్ని నిర్ణయించుకుంటాయి కాబట్టి, గుణకం 45 అయితే వేగం 4.5 గిగాహెర్ట్జ్ అవుతుంది. తయారీదారు నిర్దేశించిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను నడిపించడమే ఓవర్‌క్లాకింగ్.

దీన్ని కోలాటంతో పోల్చి చూస్తే విషయం తేలిగ్గా బోధపడుతుంది. తాళం పడేలోగా ప్రతి ఆటగాడూ తన అడుగు వేసి, పక్కవాడి కోలకు తన కోలను తాకించాలి. తాళం వేగం పెంచుతూ పోతే ముందుగా తప్పేది అందరిలోకీ నెమ్మదైనవాడే అయినా, చెడేది మాత్రం మొత్తం ఆట. ప్రాసెసర్‌లోనూ ఒక స్పందనకూ మరో స్పందనకూ నడుమ సంకేతం కొన్ని ట్రాన్సిస్టర్ల వరుసను దాటి గమ్యం చేరాలి, వాటిలో అన్నిటికన్నా ఆలస్యంగా చేరే దారి ఏదో అదే ఆ చిప్ వేగానికి హద్దును నిర్ణయిస్తుంది. వోల్టేజి పెంచితే ట్రాన్సిస్టర్లు మరింత చురుగ్గా మారి ఆ హద్దు కొంత ముందుకు జరుగుతుంది. ఓవర్‌క్లాకింగ్ అంతా వేగం, వోల్టేజి ఈ రెండింటి మధ్య బేరమే.

అసలు పెంచుకోవడానికి చోటెందుకు మిగులుతుందన్న ప్రశ్నకు జవాబు తయారీలోనే ఉంది. ఒకే సిలికాన్ పలక మీద తయారైన చిప్‌లు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. కొన్ని తక్కువ వోల్టేజికే ఎక్కువ వేగం అందుకుంటే, కొన్ని ఎక్కువ వోల్టేజి ఇచ్చినా మొరాయిస్తాయి. ఒక మోడల్ పేరుతో అమ్మే ప్రతి చిప్, అందులో బలహీనమైనది సైతం, వేడి గదిలో, నాసి కూలర్ కింద ఏళ్ల తరబడి పనిచేయాలి కనుక, తయారీదారు కొంత వెసులుబాటు ఉంచి వేగాన్ని ప్రకటిస్తాడు. ఔత్సాహికుడు వాడుకునేది ఆ వెసులుబాటునే. అది చిప్ చిప్‌కూ మారేది గనుక, ఒకే మోడల్ కొన్న ఇద్దరు స్నేహితులకు ఒకే ఫలితం రాకపోవడంలో వింత లేదు, ఒకరి అంకెలను మరొకరు నకలు చేసుకోవడంలో అర్థమూ లేదు.

ఈ వెసులుబాటుకు చరిత్రలో మచ్చుతునకగా నిలిచింది 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ. మూల స్పందనగా పనిచేసే 66 మెగాహెర్ట్జ్ బస్ వేగాన్ని 4.5 గుణకంతో హెచ్చించి 300 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఈ చవక ప్రాసెసర్‌కు బస్ వేగాన్ని 100కు మార్చితే, చాలా చిప్‌లు 450 మెగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా పనిచేసి, అంతకు అనేక రెట్లు ఖరీదైన పెంటియం 2తో పోటీపడ్డాయి. 2000 ప్రాంతంలో ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్ చిప్‌ల పైభాగంలో తెగి ఉన్న సూక్ష్మ సంధులను మామూలు పెన్సిల్ గ్రాఫైట్‌తో కలిపి, బంధించిన గుణకాన్ని విడిపించుకున్నవారూ ఉన్నారు. తయారీదారులు గుణకానికి తాళం వేయడమూ, వినియోగదారులు దాన్ని తీయడమూ చాలాకాలం సాగి, చివరకు అది వ్యాపార సూత్రంగా మారింది: ఇంటెల్ మోడల్ పేరు చివర ‘కె’ అక్షరం ఉంటే గుణకం తాళం తీసి ఉన్నట్టు. 2011లో వచ్చిన కోర్ ఐ5-2500కెతో ఈ పద్ధతి సామాన్య వినియోగదారులకు బాగా చేరువైంది.

అయితే వేగానికి మూల్యం వేడి రూపంలో చెల్లించాలి. పనిచేస్తున్న ప్రాసెసర్ ఖర్చుచేసే విద్యుత్తులో ప్రధాన భాగం వేగానికి అనులోమంగానూ, వోల్టేజి వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. వేగం 10 శాతం, వోల్టేజి 10 శాతం పెంచితే ఖర్చు 20 శాతమే పెరుగుతుందని పొరబడే ప్రమాదం ఉంది, నిజానికి 1.1ను మూడుసార్లు హెచ్చిస్తే వచ్చే 1.33 ప్రకారం, ఖర్చు దాదాపు మూడోవంతు ఎక్కువవుతుంది, అదంతా వేడిగా మారి కూలర్ నెత్తిన పడుతుంది. ద్రవ హీలియంతో చల్లబరిచి 9 గిగాహెర్ట్జ్ దాటించే ప్రపంచ రికార్డుల ప్రదర్శనలు కూడా ఈ లెక్కకు లోబడినవే. అవి కొన్ని క్షణాల విన్యాసాలే తప్ప ఇంట్లో ఆచరించే పద్ధతులు కావు.

ఈ విషయంలో కొత్తవారికి తరచూ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది: తయారీదారులు ఒకప్పుడు వదిలిపెట్టిన వెసులుబాటులో అధిక భాగాన్ని ఇప్పుడు తామే వాడేసుకుంటున్నారు. చిప్ వేడిని, విద్యుత్తును క్షణక్షణం కొలుచుకుంటూ అవకాశం ఉన్నంత మేరకు తనంతట తానే వేగం పెంచుకునే టర్బో పద్ధతి 2008 నుంచి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఉండగా, ఏఎండీ రైజెన్‌లలో అది ఇంకా సూక్ష్మంగా పనిచేస్తుంది. రైజెన్ 5 5600ఎక్స్‌నే తీసుకుంటే, తేలికపాటి పనుల్లో అది ఒక కోర్‌ను, అంటే చిప్‌లో విడిగా లెక్కలు చేసే ఒక విభాగాన్ని, 4.6 గిగాహెర్ట్జ్ వరకు తీసుకుపోగలదు. అన్ని కోర్లనూ 4.5 దగ్గర బిగించి ఓవర్‌క్లాక్ చేశామని సంబరపడే వ్యక్తి, రోజూ ఎక్కువగా చేసే చిన్న పనుల్లో నిజానికి కొంత వేగాన్ని పోగొట్టుకుంటాడు. అందువల్ల రైజెన్ యజమానులు గుణకాన్ని బిగించడం కన్నా, చిప్ సొంత నియమాలకే కాస్త ఎక్కువ అవకాశమిచ్చే ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ అనే అమరికతో మొదలుపెట్టడం మేలు.

గుణకం మార్చి నేర్చుకోదలచినవారికి 2021 నవంబరులో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-12600కె తగిన ఉదాహరణ. ఇందులో 6 పెద్ద కోర్లు, 4 చిన్న కోర్లు ఉంటాయి. పూర్తి భారంలో పెద్ద కోర్లు సాధారణంగా 45 గుణకం దగ్గర పనిచేస్తాయి. గుణకాన్ని మార్చాలంటే చిప్‌తో పాటు జడ్ శ్రేణి చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు కావాలి. ఏఎండీ వైపు ఎ320, ఎ520 వంటి అడుగు శ్రేణి బోర్డుల్లో ఈ సౌకర్యం ఉండదు. ప్రాసెసర్ పక్కన ఉండి దానికి వోల్టేజి అందించే భాగాల మీద లోహపు హీట్‌సింక్‌లు ఉన్న బోర్డు, ప్రాసెసర్‌తో ఉచితంగా వచ్చేది కాక విడిగా కొన్న మంచి కూలర్, పేరున్న సంస్థ తయారుచేసిన పవర్ సప్లై లేనిదే ఈ పనికి దిగకూడదు. ల్యాప్‌టాప్ యజమానులు దీని జోలికి పోకపోవడమే ఉత్తమం. చిన్న ఫ్యాను, సన్నని గొట్టం మీద ఆధారపడ్డ యంత్రంలో వేడికి పోయే దారి అప్పటికే ఇరుకు.

మార్పులు మొదలుపెట్టే ముందు, యంత్రం ఏ మార్పూ లేకుండా ఎలా పనిచేస్తోందో కొలిచి రాసుకోవాలి. సినీబెంచ్ వంటి కొలత ప్రోగ్రాంను నడిపి వచ్చిన అంకెను, ఆ సమయంలో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం చూపిన ఉష్ణోగ్రతను, వోల్టేజిని ఒక కాగితం మీద నమోదు చేసుకుని, విలువైన ఫైళ్లను వేరే డిస్క్‌లోకి నకలు తీసి, ఆ తర్వాతే మదర్‌బోర్డు అమరికలుండే బయోస్‌లోకి అడుగుపెట్టాలి. అక్కడ పెద్ద కోర్ల గుణకాన్ని 45 నుంచి 46కు, అంటే ఒకే ఒక్క మెట్టు పెంచి, పది పదిహేను నిమిషాలు భారం మోపి చూడాలి. నిలబడితే 47, తడబడితే వోల్టేజిని 0.02 వోల్టుకు మించకుండా పెంచి మళ్లీ పరీక్ష. ఒక విడతలో ఒకే అంశాన్ని మార్చాలన్న నియమాన్ని ఉల్లంఘించినవారు తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోలేక గంటలు వృథా చేసుకుంటారు. మెమరీ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ అమరిక కూడా ఒకరకంగా ఓవర్‌క్లాకింగే కాబట్టి, దాన్ని ముందే పరీక్షించి స్థిరపరచుకోవాలి లేదా చివరికి వాయిదా వేయాలి. 100 మెగాహెర్ట్జ్ మూల స్పందనను మాత్రం కొత్తవారు ముట్టుకోకూడదు. చాలా బోర్డుల్లో డిస్క్‌ల, గ్రాఫిక్స్ కార్డుల అనుసంధానాలు కూడా దానితోనే ముడిపడి ఉంటాయి.

వోల్టేజిని ‘ఆటో’కు వదిలేయడం సురక్షితమన్న భావన సరైనది కాదు. గుణకం పెరిగిందని గమనించిన బోర్డు, యంత్రం ఆగిపోతే తనకు చెడ్డపేరు వస్తుందన్నట్టు, అవసరానికి మించిన వోల్టేజిని ధారాళంగా ఇచ్చేస్తుంది. భారం పడినప్పుడు వోల్టేజి కొంత జారడం సహజం. ఆ జారుడును సరిదిద్దే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను గరిష్ఠానికి పెడితే, భారం తొలగిన క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగసిపడుతుంది కాబట్టి మధ్యస్థాయి చాలు. ఒక తరానికి చెప్పిన హద్దు మరో తరానికి వర్తించదన్నదీ గుర్తుంచుకోవాలి: 32 నానోమీటర్ల పద్ధతిలో తయారైన పాత చిప్ తట్టుకున్న వోల్టేజిని, అంతకంటే ఎంతో సూక్ష్మమైన నేటి చిప్‌కు ఇవ్వడం ఆత్మహత్యాసదృశం.

యంత్రం బొత్తిగా ప్రారంభం కాకపోతే కంగారు పడనక్కరలేదు. చాలా బోర్డులు ఒకటి రెండు విఫల ప్రయత్నాల తర్వాత వాటంతట అవే పాత అమరికకు తిరిగి వస్తాయి. రాని పక్షంలో కరెంటు తీగ తీసేసి, బోర్డు మీది నాణెం ఆకారపు బ్యాటరీని కొన్ని నిమిషాలు తొలగించి పెడితే అన్ని మార్పులూ చెరిగిపోతాయి.

నీలి తెర వచ్చి యంత్రం ఆగిపోవడాన్ని అందరూ పెద్ద ప్రమాదంగా భావిస్తారు. కానీ అది నిజాయితీ గల వైఫల్యం. దానికన్నా చెడ్డది, ఆగిపోకుండానే లెక్క తప్పడం. ఎక్కడో ఒక సున్నా ఒకటిగా మారి, ఆ తప్పు డిస్క్‌లోని ఫైల్‌లోకి చేరి, నెలల తర్వాత పెళ్లి వీడియోనో లెక్కల పట్టికనో తెరిచినప్పుడు బయటపడవచ్చు. అందుకే నిలకడ పరీక్షకు ఇంత ప్రాధాన్యం. మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ కోసం పుట్టిన ప్రైమ్95 అనే ప్రోగ్రాం ఈ పనికి అనుకోకుండా ప్రసిద్ధికెక్కింది. జవాబు ముందే తెలిసిన భారీ లెక్కలను చిప్ చేత చేయించి, వచ్చిన ఫలితాన్ని ఆ జవాబుతో సరిచూస్తుంది కాబట్టి, చిప్ పైకి మామూలుగా కనిపిస్తూనే తప్పు చేసినా పట్టుకుంటుంది. చిన్న పరీక్షలు మెట్టు మెట్టుకూ సరిపోతాయి గాని, చివరిగా ఎంచుకున్న అమరికను కనీసం ఒక రాత్రంతా పరీక్షించనిదే నమ్మకూడదు. సినీబెంచ్ అంకె గుణకంతో పాటు పెరగకపోగా తగ్గితే, చిప్ వేడికి తాళలేక తనంతట తాను వేగం తగ్గించుకుంటోందని అర్థం. ఐ5-12600కె విషయంలో ఆ హద్దు 100 డిగ్రీలు. కఠిన పరీక్షలోనూ 85 దాటని అమరిక దగ్గర ఆగడం వివేకం.

అధిక వోల్టేజి వల్ల కలిగే నష్టం వెంటనే కంటికి కనిపించదు. విద్యుత్ ప్రవాహపు తాకిడికి సన్నని తీగల్లోని లోహ పరమాణువులు క్రమంగా స్థానం తప్పడాన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. ప్రవాహ సాంద్రత, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఇది వేగం పుంజుకుంటుంది. ఇదీ, ఇలాంటి ఇతర అరుగుదలా కలిసి, మొదటి ఏడాది నిలకడగా ఉన్న వేగాన్ని మూడో ఏడాది నిలకడ తప్పేలా చేస్తాయి. ఇది ఓవర్‌క్లాకర్లకే పరిమితమైన సమస్య కాదనడానికి 2024 సాక్ష్యం: ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అధిక వోల్టేజి, అధిక ఉష్ణోగ్రతల వల్ల అరిగి నిలకడ కోల్పోగా, సంస్థ వోల్టేజిని అదుపుచేసే మైక్రోకోడ్‌ను (బయోస్‌తో పాటు అందే ప్రాసెసర్ అంతర్గత ప్రోగ్రాంను) విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. ఆ తరాల చిప్‌లు ఉన్నవారు బయోస్‌ను తాజా చేసుకోకుండా వోల్టేజి జోలికి వెళ్లకూడదు.

గది ఉష్ణోగ్రత ఎంత పెరిగితే చిప్ ఉష్ణోగ్రతా దాదాపు అంతే పెరుగుతుంది. కూలర్ గాలితో చల్లబరిచేదైనా, నీటితో చల్లబరిచేదైనా గది గాలికంటే చిప్‌ను చల్లగా చేయలేదు. జనవరిలో 22 డిగ్రీల గదిలో 82 దగ్గర నిలిచిన అమరిక, మే నెలలో ఏసీ లేని 40 డిగ్రీల గదిలో 100ను తాకుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం వంటి చోట్ల ఉన్నవారు తుది పరీక్షను ఎండాకాలంలో చేసుకోవడమో, చలికాలపు ఫలితంలోంచి ఆ మేరకు తగ్గించుకోవడమో తప్పదు. వేడితో పాటు పెరిగే విద్యుత్ ఖర్చునూ లెక్క చూసుకోవాలి: తెలుగు ఇళ్లలో విరివిగా కనిపించే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లకే సరిపోతుంది. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు కలిసి ఆ హద్దును మించితే, కరెంటు పోయిన క్షణమే యంత్రమూ ఆగిపోతుంది.

వారంటీ సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, నిర్దేశిత పరిమితులను దాటి వాడినందువల్ల కలిగిన నష్టానికి ఇంటెల్‌గానీ ఏఎండీగానీ బాధ్యత వహించవు. ఓవర్‌క్లాక్ చేసేవారి కోసం ఇంటెల్ విడిగా అమ్మిన రక్షణ పథకం కూడా 2021లో ఆగిపోయింది.

వేగాన్ని అలాగే ఉంచి వోల్టేజిని కొద్దికొద్దిగా తగ్గించే అండర్‌వోల్టింగ్ అనే పద్ధతి కొత్తవారికి ఓవర్‌క్లాకింగ్ కన్నా మంచి తొలిపాఠం. పరీక్షలు, జాగ్రత్తలు అవే. పొరపాటు జరిగితే యంత్రం ఆగిపోవచ్చు, తప్పు లెక్కలూ రావచ్చు, కానీ చిప్ మాత్రం కాలిపోదు. ఫలితంగా వేడి తగ్గి, ఆ తగ్గిన వేడి వల్ల టర్బో తనంతట తాను కొంత ఎక్కువసేపు నిలబడుతుంది. ఇది నేర్చినవారు ఐ5-12600కె గుణకాన్ని 45 నుంచి 48కు చేర్చగలిగారనుకుంటే, వేగం 7 శాతానికి కాస్త తక్కువగా పెరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు మీద భారం ఉన్న ఆటల్లో ఆ తేడా కంటికి ఆనదు, పూర్తిగా ప్రాసెసర్ మీదే నడిచే గంటసేపటి వీడియో రెండరింగ్ మాత్రం సుమారు 56 నిమిషాల్లో ముగుస్తుంది.