కథలో అమ్మానాన్నలు, మనసు జబ్బు: నాటికలు, షార్ట్ ఫిలింలు రాసే మన పిల్లలకు



మునుపు క్రిస్మస్‌కో, యువజన ఆదివారానికో మన పిల్లలు నాటిక రాసి వేసేవారు. ఇప్పుడు చేతిలో సెల్‌ఫోను ఉంది కనుక అదే పిల్లలు షార్ట్ ఫిలింలు తీస్తున్నారు. వాటిలో మనసు జబ్బు ఉన్న పాత్ర తరచుగా వస్తోంది. ఆసుపత్రి సీను సరిగా ఉందో లేదో చూడమని స్క్రిప్టు మా దగ్గరకు తెస్తుంటారు. సెలైన్ బాటిల్ ఏ ఎత్తున కట్టాలి, డాక్టరుగారి మెడలో స్టెతస్కోపు ఉండాలా అని అడుగుతారు. అవి అయిదు నిమిషాల్లో చెప్పేస్తాము. మాకు బెంగ కలిగించేది సెలైన్ బాటిల్ కాదు, ఆ కథలోని అమ్మానాన్నలు.

ఎక్కువ స్క్రిప్టుల్లో కథ ఒకటే. కొడుక్కి మతి చెడుతుంది. ఎందుకంటే తండ్రి బెల్టు పుచ్చుకుని కొట్టాడు, లేదా తల్లి ఉద్యోగానికి వెళ్ళి పిల్లవాణ్ణి పట్టించుకోలేదు. రెండు నిమిషాల ఫ్లాష్‌బ్యాక్‌తో కారణం తేలిపోతుంది. చూసేవారు కళ్ళు తుడుచుకుంటారు. కాని అదే హాల్లో వెనక బెంచీ మీద, ఇరవై ఏళ్ళ కొడుక్కి స్కిజోఫ్రెనియా వచ్చిన తల్లి కూర్చుని ఉంటుంది. వార్డులో ఆ తల్లులు మమ్మల్ని ముందు అడిగే ప్రశ్న, "నా పెంపకంలో ఏమైనా లోపమా సిస్టరమ్మా?" అని. జబ్బు పేరు కూడా ఆ తర్వాతే అడుగుతారు.

నిజం చెప్పాలంటే ఈ నింద ముందు వేసింది సినిమావాళ్ళు కాదు, వైద్యులే. 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే డాక్టరమ్మ, స్కిజోఫ్రెనియాను పుట్టించే తల్లి అన్న అర్థంలో ఒక మాట వాడారు. ఆటిజానికి తల్లి ప్రేమ లేకపోవడమే కారణమని బ్రూనో బెటెల్‌హీమ్ 1967లో పుస్తకమే రాశారు. తర్వాతి పరిశోధనలు ఈ రెండు మాటలనూ పక్కన పెట్టాయి. స్కిజోఫ్రెనియా ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఉంది. వంశపారంపర్యం, మెదడు పనితీరు, జీవితంలో పడిన దెబ్బలు, ఇలా అనేకం కలిసి ఇది వస్తుంది. ఒక్క ఫ్లాష్‌బ్యాక్‌లో పట్టేంత చిన్న సంగతి కాదు.

అలాగని తల్లిదండ్రులను దేవతలుగా చూపమని మేము అనడం లేదు. చిన్నప్పుడు హింసకు గురైన పిల్లలకు పెద్దయ్యాక డిప్రెషన్ వంటివి ఎక్కువగా వస్తాయన్నది నిజమే. ఇంటి మాటలకూ బలం ఉంది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే ఆయన, ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళిన రోగులను గమనించారు. నిత్యం సాధింపు ఉన్న ఇళ్ళకు వెళ్ళినవారిలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. 1980లలో చండీగఢ్‌లోనూ ఇలాగే చూశారు. అక్కడ అంతగా సాధించే ఇళ్ళు లండన్‌లో కంటే తక్కువని తేలింది. అంటే సాధింపు జబ్బును తిరగబెట్టగలదు. దాన్నిబట్టి జబ్బు పుట్టించింది తల్లే అనకూడదు.

కాబట్టి నాన్న అరిచే సీను తప్పక తీయండి. "తిని పడుకోవడం తప్ప నీకేం వచ్చురా" అన్న మాట ఎన్నో ఇళ్ళలో మేము విన్నదే. అయితే ఆ నాన్న అంతకుముందు ఎక్కడ ఉన్నాడో కూడా చూపించండి. ఆటో ఫైనాన్సు వాడు ఫోన్లో తిట్టి ఉంటాడు. కూతురి సంబంధం "మీవాడికి ఏదో ఉందటగా" అంటూ వెనక్కి పోయి ఉంటుంది. కొడుకు నాలుగు రోజులుగా స్నానం చేయలేదు. రాత్రంతా ఎవరితోనో మాట్లాడుతుంటే తల్లి గుమ్మంలో చాప వేసుకుని కాపలా పడుకుంది. ఇవన్నీ చూశాక అరుపు వినిపిస్తే, ప్రేక్షకుడికి ఆ నాన్న విలన్‌గా కనిపించడు. అమృత్‌సర్ ఆసుపత్రిలో 1950లలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను గుడారాల్లో ఉంచి, వారిని చికిత్సలో భాగం చేశారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక విభాగంలో కూడా రోగితోపాటు కుటుంబం ఉంటుంది. ఇంటివాళ్ళను బయటకు నెట్టి ఈ జబ్బుకు వైద్యం చేయడం కష్టమని వాళ్ళకు తెలుసు.

ఇక జబ్బు అమ్మకే ఉంటే? మన కథల్లో ఆమె జుట్టు విరబోసుకుని నవ్వుతుంది. మా ఓ.పి.కి వచ్చే అమ్మ అలా ఉండదు. తలపోటు, ఒళ్ళు నొప్పులు, నిద్ర లేదు అని చీటీ రాయించుకుంటుంది. కూరలో ఉప్పు మరిచిపోతుంది. తల దువ్వుకోవడం మానేస్తుంది. నాలుగో తరగతి పిల్ల తన బాక్సు తానే సర్దుకుని, తమ్ముడికి జడుపు తెలియకుండా "అమ్మ పడుకుంది, అల్లరి చేయకు" అంటుంది. ఆ పిల్ల వైపు నుంచి కథ రాసినవారిని ఇంతవరకు మేము చూడలేదు. కాన్పు అయిన మొదటి రెండు వారాల్లో కొందరికి నిద్ర పట్టదు, లేనిపోని అనుమానాలు, భయాలు వస్తాయి. గాలి సోకిందని ఊళ్ళో అంటారు. అది అత్యవసరంగా ఆసుపత్రికి తేవలసిన జబ్బు. చికిత్సతో చాలామంది కోలుకుంటారు. ఆమెను బిడ్డను మింగబోయిన రాక్షసిగా చూపితే, రేపు ఏ అత్తగారు కోడల్ని మా దగ్గరకు తెస్తుంది?

మాటల్లో కూడా జాగ్రత్త. "మెంటల్", "వీణ్ణి ఎర్రగడ్డ పంపాలి" అన్న డైలాగులకు నవ్వు వస్తుంది, నిజమే. కాని ఎర్రగడ్డకో, విశాఖ ఆసుపత్రికో నెలనెలా బస్సెక్కే కుటుంబం ఆ నవ్వు తర్వాత కండక్టరుకు ఊరి పేరు చెప్పడానికి కూడా సిగ్గుపడుతుంది. కరెంటు షాక్ ఇస్తుంటే మనిషి కేకలు వేసే సీను తీసేయండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు ఇవ్వకుండా ఆ చికిత్స చేయడం నిషేధం. గొలుసులతో కట్టడం కూడా నిషేధమే. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది నిప్పంటుకుని చనిపోయారు.

మేము అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఆఖరి సీను గురించి. ప్రార్థన జరుగుతుంది, కుర్రవాడు లేచి నిలబడతాడు, మాత్రలు కాలువలో పారేస్తాడు, చప్పట్లు. రెండేళ్ళుగా మాత్రలతో బాగున్న ఒక అమ్మాయి ఇలాంటి నాటిక చూసి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేసింది. రెండు నెలలు తిరగకుండా వాళ్ళ నాన్న ఆమెను మళ్ళీ మా వార్డుకు తెచ్చారు. మొదటిసారి కంటే ఈసారి కుదుటపడటానికి ఎక్కువ కాలం పట్టింది. ప్రార్థన సీను ఉండవద్దని మేమెందుకు అంటాము? ప్రార్థన ముగించిన పాస్టరుగారే "రాత్రి మాత్ర వేసుకున్నావా అమ్మా?" అని అడిగినట్టు రాయండి. మందు గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. నోరు ఎండిపోవచ్చు, చేతులు వణకవచ్చు, ఒళ్ళు రావచ్చు. అవి కూడా ఉంటేనే కథ నమ్మేలా ఉంటుంది.

ఆత్మహత్య ఉన్న కథయితే ఎలా చేసుకున్నారన్నది చూపవద్దు. సినిమా, నాటక రచయితల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన పుస్తకంలోనూ ఈ సలహా ఉంది.

ఊళ్ళో తెలిసిన కుటుంబాన్ని చూసి రాస్తుంటే, పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. మన సంఘంలో ఇటుకబట్టీ మేస్త్రి అనగానే అందరికీ తెలిసిపోతుంది. పని మార్చండి, ఊరు మార్చండి. ఆ తర్వాత కూడా జబ్బుపడిన మనిషినీ, అమ్మానాన్నలనూ కూర్చోబెట్టి స్క్రిప్టు చదివి వినిపించి, ఒప్పుకుంటేనే తీయండి. వద్దంటే ఆ కథ వదిలేయండి.

పేర్లు పడే చోట టెలి మానస్ నంబరు 14416 వేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత ఫోను సేవ రాత్రింబవళ్ళు ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. షూటింగ్ మొదలుపెట్టక ముందే స్క్రిప్టు మాకు తెచ్చి చూపించండి. అయిపోయాక తెస్తే మార్చడానికి మీకూ మనసు రాదు.