ఇనుప పలకల మధ్య మొక్కజొన్న ముద్ద

మెక్సికన్ వంటింట్లో ఉండే టోర్టియా ప్రెస్ అంత సాదాసీదా యంత్రం ఇంకోటి ఉండదేమో. రెండు గుండ్రటి పలకలు, వాటిని కలుపుతూ ఒక పక్క మడతబందు, ఎదుటి పక్క నుంచి పై పలక మీదికి వాలే ఒక పిడి. అంతే. మధ్యలో నిమ్మకాయంత మొక్కజొన్న ముద్ద పెట్టి పిడి నొక్కితే క్షణంలో రొట్టె తయారు. అదే ప్రెస్‌లో చపాతీ ముద్ద పెట్టి చూడండి. నొక్కినంతసేపూ బుద్ధిగా విచ్చుకుంటుంది, పలక ఎత్తగానే మళ్లీ ముడుచుకుపోతుంది. గోధుమలోని గ్లూటెన్ చేసే అల్లరి అది. అందుకే గోధుమ టోర్టియాలు చేసే ఫ్యాక్టరీల్లో పలకల్ని బాగా కాల్చి నొక్కడం మామూలు. రొట్టె ముడుచుకునేలోపే పైపొర ఉడికి ఆకారం నిలవాలి. మొక్కజొన్నకు ఆ తిప్పలు లేవు.

గ్లూటెన్ పడనివాళ్ల కోసం అమ్మే రొట్టెల ప్యాకెట్ల మీద దినుసుల జాబితా చాంతాడంత ఉంటుంది. గ్జాంథన్ గమ్, ఇసబ్గోల్ పొట్టు, టాపియోకా పిండి... లేని గ్లూటెన్‌కు బదులు ఏదో ఒకటి కలపాలన్న తాపత్రయం. పాత పద్ధతిలో చేసిన మెక్సికో టోర్టియాలో మొక్కజొన్న, నీళ్లు, కాస్త సున్నం తప్ప ఇంకేమీ ఉండవు. గ్లూటెన్ లేకపోవడం వల్లే ఈ ప్రెస్ ఇంత తేలికైన యంత్రంగా మిగిలిందని నా వాదన. కాకపోతే ఆ తేలిక వెనక సున్నం ఉంది. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

గోధుమపిండిని తడిపి పిసికితే గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని సాగే అల్లిక కడతాయి. మొక్కజొన్నలో ఉండే జీన్ అనే మాంసకృత్తు మన వంటింటి వేడిలో ఆ పని చేయదు. ఎండు మొక్కజొన్నలు పిండి పట్టించి చన్నీళ్లతో కలిపితే ముద్ద కట్టినట్టే కట్టి విరిగిపోతుంది. ఈ చిక్కును మధ్య అమెరికా రైతులు వేల ఏళ్ల కిందటే విప్పారు. గ్వాటెమాల దక్షిణ తీరంలో క్రీ.పూ. 1500–1200 నాటికే ఈ పద్ధతి ఉండేదనడానికి ఆధారాలు చూపిస్తారు.

పద్ధతి ఇది. కిలో ఎండు గింజలకు సుమారు 10 గ్రాముల సున్నం, రెండు మూడు లీటర్ల నీళ్లు. సున్నమంటే మనం తాంబూలంలో వేసుకునే కాల్షియం హైడ్రాక్సైడే. మరగనివ్వకుండా, మరుగు పట్టే ముందటి వేడిలో అరగంట నుంచి ముప్పావు గంట ఉడికించి, పొయ్యి ఆర్పి, రాత్రంతా అలాగే వదిలేస్తారు. పొద్దున చేయి పెట్టి రుద్దితే గింజ పైపొట్టు జారుగా ఊడివస్తుంది. నీళ్లు పసుపుపచ్చగా, చిక్కగా మారి ఉంటాయి. వాటిని పారబోసి కడిగిన గింజల పేరు నిస్తమాల్, వాటిని రుబ్బిన ముద్ద మసా. క్షారం పొట్టులోని హెమిసెల్యులోజ్‌ను కరిగించి జిగురు చేస్తుంది. కాల్షియం పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. పిండిపదార్థం సగం ఉడికి, సగం పచ్చిగా ఉండి ముద్దను పట్టి ఉంచుతుంది. ఈ మూడూ కలిస్తే గ్లూటెన్ అక్కర్లేదు. నీలం రంగు మొక్కజొన్నయితే సున్నం తగలగానే కాస్త ఆకుపచ్చకు తిరుగుతుంది, అదో వేడుక. వేడి టోర్టియాకు ఉండే ఆ ప్రత్యేకమైన వాసన కూడా ఈ సున్నపు ఉడుకులో పుట్టిందే.

ఇందులో ఇంకో లాభం ఉందని ఆ రైతులకు తెలియకపోయినా వాళ్ల ఒంటికి తెలుసు. మొక్కజొన్నలోని నియాసిన్ అనే బి విటమిన్ ఎక్కువ భాగం ఒంటికి అందని రూపంలో చిక్కుకుని ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది. స్పెయిన్ వాళ్లు మొక్కజొన్నను యూరప్‌కు తీసుకుపోయారు గానీ సున్నపు పద్ధతిని పట్టించుకోలేదు. మొక్కజొన్న మీదే బతికిన పేదల్లో చర్మం మాడి, విరేచనాలు పట్టి, చివరికి మతి తప్పే జబ్బు మొదలైంది. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ దాన్ని వర్ణించాడు. ఇటలీలో దానికి పెల్లాగ్రా అని పేరొచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అది అంటుజబ్బు కాదని, తిండి లోపమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 తర్వాత తేల్చాడు. ఆ లోపం నికోటినిక్ ఆమ్లానిదని, అంటే నియాసిన్‌దేనని, 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ కుక్కలమీద పరిశోధించి చూపించాడు.

ఈ జబ్బు మన గడప కూడా తొక్కింది. జొన్నే ప్రధాన తిండిగా బతికిన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా చూసి, హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలలో సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియ కారణం వెతికారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం నియాసిన్‌కు అడ్డుపడుతోందని 1960లో వాదించారు. ఆ వాదం మీద తర్వాత చాలా తర్జనభర్జన జరిగింది. పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు మాత్రమే కాదని మాత్రం దాంతో ప్రపంచానికి తెలిసింది.

మళ్లీ రొట్టె దగ్గరికి వద్దాం. టోర్టియా చేయడంలో నిజమైన చాకిరీ ఒత్తడంలో లేదు, రుబ్బడంలో ఉంది. మెటాటె అనే రాయి మీద రుబ్బేవారు. మన సన్నికల్లుకు మూడు కాళ్లు పెట్టి కాస్త ముందుకు వాల్చినట్టు ఉంటుంది. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, పొత్రాన్ని రెండు చేతులా తోస్తూ, ఇంటిల్లిపాదికీ సరిపడా రుబ్బడానికి ఆడవాళ్లకు రోజుకు నాలుగైదు గంటలు పట్టేది. మసా పులిసిపోతుంది కాబట్టి ఒకరోజు రుబ్బి వారం దాచుకునే వీలు లేదు. తెల్లారకముందే లేవాలి, రోజూ లేవాలి.

అందుకే యంత్రాల్లో ముందు ఊళ్లకు చేరింది నిస్తమాల్ మర. 19వ శతాబ్దం చివర్లో పట్టణాల్లో మొదలై, 1920ల నుంచి పల్లెలకు పాకింది. మోరెలోస్ రాష్ట్రంలో తెపోజ్‌ట్లాన్ అనే ఊళ్లో 1940ల్లో అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త ఆస్కార్ లూయిస్, అక్కడ మరకు మగవాళ్లు ఎలా అడ్డుపడ్డారో రాశాడు. మర పిండికి రుచి ఉండదన్నారు. ఆడవాళ్లకు తీరిక దొరికితే చెడిపోతారన్నారు. ఆడవాళ్లు వినలేదు, మర నిలిచింది. రోజుకు నాలుగు గంటలు మిగిల్చిన యంత్రానికి పుస్తకాల్లో దక్కే చోటు ఆవిరి ఇంజన్‌తో పోలిస్తే ఎంత తక్కువో!

రొట్టె ఒత్తే యంత్రం దానికన్నా చాలా మొండికేసింది. 1904లో ఎవెరార్దో రోద్రిగెస్ ఆర్సె, లూయిస్ రొమెరో రోలర్లతో ఒక యంత్రం కట్టారు. మసా రెండు రోలర్ల మధ్య పల్చటి పొరగా దిగుతుంది, గుండ్రటి అంచు దాన్ని కోస్తుంది. సాగే గుణం లేదు కాబట్టి కోసిన గుండ్రం గుండ్రంగానే ఉంటుంది. అయితే తడిగా ఉన్న ముద్ద రోలర్‌ను వదలదు. ఇలాంటి యంత్రాల్లో రోలర్‌కు ఆనించి సన్నటి తీగ ఒకటి బిగిస్తారు. కోసిన రొట్టె కిందికి ఆ తీగ దూరి దాన్ని ఒలిచి కన్వేయర్ మీద పడేస్తుంది. యంత్రమంతటికీ ప్రాణం ఆ తీగే. 1947లో ఫౌస్తో సెలోరియో మొదలుపెట్టిన యంత్రాలు ఒత్తడం, కాల్చడం రెండూ ఒకే వరసలో చేయడంతో వీధివీధికీ టోర్టియా దుకాణం వెలిసింది. 1949లో నువెవో లియోన్ రాష్ట్రంలోని సెర్రాల్వోలో మసాను ఎండబెట్టి పిండి చేసే ఫ్యాక్టరీ పెట్టారు. మసెకా అనే ఆ పిండి ఇవాళ ప్రపంచమంతా దొరుకుతుంది. ఈ యంత్రాలకు ఒక కొసరు సంతానం కూడా ఉంది. లాస్ ఏంజలెస్‌లో రెబెకా వెబ్ కరాంజా తమ ఫ్యాక్టరీలో యంత్రం వంకరటింకరగా తీసిన టోర్టియాలను పారేయక, ముక్కలు కోసి వేయించి అమ్మింది. టోర్టియా చిప్స్ బజార్లో నిలదొక్కుకున్నది అలా వంకరపోయిన టోర్టియాల వల్లే.

ఇంత జరిగినా ఇంటి ప్రెస్ ఎక్కడికీ పోలేదు. చెక్క నుంచి పోత ఇనుముకు, అల్యూమినియానికి మారిందంతే. నొక్కడం తేలికే అనిపిస్తుంది గానీ లెక్క వేరేగా ఉంటుంది. ముద్ద పరుచుకునేకొద్దీ పిండి పలకల్ని రాసుకుంటూ ఎక్కువ దూరం జరగాలి, సందు ఇరుకయ్యేకొద్దీ ఆ రాపిడి ఇంకా పెరుగుతుంది. ఇలాంటి మెత్తటి ముద్దలకు ఇంజనీర్లు వేసే లెక్క ప్రకారం, అదే ముద్దను సగం మందానికి తేవాలంటే దాదాపు ఐదున్నర రెట్లు బలం కావాలి. పొడుగు పిడి ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. ఇంకో సంగతి: పలకలు మడతబందు వైపు ముందు మూసుకుంటాయి, ముద్ద పిడి వైపు జరుగుతుంది. అందుకే ముద్దను సరిగ్గా నడిమధ్య కాక మడతబందు వైపు కాస్త జరిపి పెడతారు. ఒకసారి నొక్కి, రొట్టెను సగం చుట్టు తిప్పి, ఇంకోసారి మెల్లగా నొక్కితే మందం సమానమవుతుంది.

ఇంట్లో చేసుకునేవాళ్లకు తేలిక దారి మసా పిండి. రెండు కప్పుల పిండికి ఒకటిన్నర కప్పు గోరువెచ్చని నీళ్లు, కాస్త ఉప్పు. మామూలు మొక్కజొన్న పిండి పనికిరాదు, కార్న్‌ఫ్లోర్ అసలే పనికిరాదు. కలిపి, తడిబట్ట కప్పి అరగంట ఉంచాలి. ముద్దను వేలితో నొక్కితే అంచు పగలకూడదు, వేలికి అంటుకోకూడదు. పగిలితే నీళ్లు చిలకరించండి, అంటుకుంటే పిండి చల్లండి. రెండు పక్కలా ప్లాస్టిక్ కాగితం వేసి నొక్కాలి. బాగా కాలిన పెనం మీద మొదటి పక్క పదిహేను ఇరవై సెకన్లు, తిప్పి నిమిషం, మళ్లీ తిప్పితే లోపలి ఆవిరికి పొంగుతుంది. పొంగకపోతే ముద్ద ఎండిందనో పెనం చల్లగా ఉందనో అనుకోవాలి. కాల్చినవాటిని గుడ్డలో చుట్టి కాసేపు ఉంచితేనే మెత్తబడతాయి. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బున్నవాళ్ల ఇంట్లో ఒక జాగ్రత్త ఎక్కువ: గోధుమలు పట్టిన గిర్నీలోనే పట్టించిన ఏ పిండీ వాళ్లకు పనికిరాదు, కొన్న ప్యాకెట్ అయినా గ్లూటెన్ లేదని రాసి ఉన్నదే తీసుకోవాలి.

మరి మన జొన్నరొట్టె ఈ ప్రెస్‌కు లొంగుతుందా? జొన్నలోనూ గ్లూటెన్ లేదు కాబట్టి ముడుచుకోదు. కానీ సున్నం చేసిపెట్టే జిగురు కూడా లేదు. ఆ లోటు తీర్చేది కాగిన నీళ్లే. మరుగుతున్న నీళ్లు పోసి కలిపితే పిండి కొంత ఉడికి జిగురొస్తుంది. ఆ ముద్దను వేడి తగ్గకముందే బాగా మర్దించి ప్రెస్‌లో పెడితే రొట్టె దిగుతుంది, అంచులు మాత్రం నెర్రెలిస్తాయి. తడి వేళ్లతో అద్ది సర్దుకోవాలి. మరీ పల్చగా నొక్కితే ప్లాస్టిక్ మీంచి తీసేటప్పుడే చిరుగుతుంది. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో నీళ్లు రాయడం ఎలాగూ తప్పదు. పీట మీద పొడిపిండి చల్లి చేత్తో రొట్టె కొట్టడం వచ్చినవాళ్లకు ప్రెస్‌తో పని లేదు, వాళ్ల రొట్టె అంతకన్నా పల్చగానే వస్తుంది.