అరువు కవచం వద్దు.. మీ వడిసెల చాలు!

జొన్నచేనులో మంచె ఎక్కి మా తాత వడిసెలతో పిట్టల్ని తోలేవాడు. బైబిల్లో గొల్యాతును దావీదు పడగొట్టింది కూడా వడిసెలతోనే. అంతకుముందు సౌలు రాజు తన కవచం, శిరస్త్రాణం, కత్తి ఇచ్చాడు. దావీదు తొడిగి చూశాడు. అలవాటు లేదని తీసేశాడు. వాగులో ఐదు నున్నటి రాళ్లు ఏరుకుని బయల్దేరాడు.

నేను మాత్రం మొదటి ఇంటర్వ్యూకి అరువు కవచంతోనే వెళ్లా. ఫ్రెండ్ రెజ్యూమెలో పేరు మార్చా. ఎనిమిది టెక్నాలజీలు, డబ్బులిచ్చి కొన్న ఓ ప్రాజెక్టు. మూడో ప్రశ్నకే దొరికిపోయా. ఏలూరు నుంచి చింతలపూడి వచ్చేదాకా బస్సులో తలెత్తలేదు. ఆ తర్వాత త్రీడీ స్కానింగ్ గురించి చదువుతుంటే మైకెలాంజెలో చెక్కిన దావీదు కనిపించాడు.

ఇద్దరు వదిలేసిన రాయి

ఆ పాలరాయిని 1464లో అగొస్తీనో దుచ్చో చెక్కడం మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. తర్వాత రొసెల్లీనో చేపట్టాడు, ఆయనా పూర్తి చేయలేదు. ఫ్లోరెన్స్‌లో ఆ రాయి పాతికేళ్లు ఎండకూ వానకూ పడి ఉంది. 1501లో పని మైకెలాంజెలోకు దక్కింది. అప్పటికి ఆయన వయసు 26. రాయి పొడవుందిగానీ మందం తక్కువ. పైగా ముందువాళ్ల ఉలిదెబ్బలు. కొత్త రాయి వచ్చేదాకా ఆగలేదు. ఆ కొలతల్లోనే బొమ్మను ఇమిడ్చి 1504 నాటికి పూర్తి చేశాడు.

అంతకుముందు దొనాతెల్లో కంచుతో చేసిన దావీదు కాళ్ల కింద గొల్యాతు తల ఉంటుంది. మైకెలాంజెలో శిల్పంలో ఆ తల లేదు. యుద్ధం ఇంకా మొదలవలేదు. కనుబొమలు ముడిపడ్డాయి, చూపు శత్రువు మీదుంది, ఎడమ భుజం మీద వడిసెల ఉంది. ఇంటర్వ్యూ గది బయట కూర్చున్న మన పరిస్థితే! భయం ఉంటుంది. చేతిలో ఉన్నది మాత్రం మనకు వాడటం తెలిసిందై ఉండాలి.

కొలిస్తేనే తెలిసింది

1999లో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీకి చెందిన మార్క్ లెవోయ్ బృందం ఈ శిల్పాన్ని లేజర్‌తో స్కాన్ చేసింది. ఎత్తు 434 సెంటీమీటర్లని పుస్తకాల్లో ఉంది. తీరా కొలిస్తే 517! స్కానర్ నిలబెట్టే చట్రం ఎత్తు పెంచాల్సి వచ్చింది. రాసినదాన్ని చూసి రాసుకుంటూ పోతే ఇంతే. రెజ్యూమె అయినా అంతే.

ఈ వారం ఇలా చేయండి

* రెజ్యూమెలో ప్రతి లైను దగ్గరా ఆగండి. దాని గురించి ఐదు నిమిషాలు మాట్లాడలేకపోతే కొట్టేయండి.
* సగంలో ఆగిన ప్రాజెక్టు ఒకటి తీసుకుని పూర్తి చేయండి. మీదైనా, సీనియర్లదైనా ఫర్వాలేదు. ఎవరు ఎంత చేశారో నిజం రాయండి.
* ఎక్కడ ఇబ్బంది పడ్డారో, ఎలా దాటారో ఓ పేజీ రాసి పెట్టుకోండి.

నేను సీనియర్లు వదిలేసిన ఓ హాజరు యాప్‌ను మూడు నెలలు కూర్చుని పూర్తి చేశా. రెజ్యూమెలో ఎనిమిది టెక్నాలజీలు రెండయ్యాయి. తర్వాతి ఇంటర్వ్యూలో అరగంట ఆ యాప్ మీదే ప్రశ్నలు. ఉద్యోగం అక్కడ రాలేదు, ఇంకో రెండు ఇంటర్వ్యూల తర్వాత వచ్చింది. కానీ ఆ రోజు బస్సులో తలెత్తుకునే ఇంటికొచ్చా.