హేవలాక్ వంతెన, గోదావరి తీరం: పాదచారుల వంతెన ప్రణాళిక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: రాజమహేంద్రవరంలోని పాత రైలువంతెనను పాదచారులకు అనువుగా మార్చేటప్పుడు నిర్మాణబలం కంటే జనం కదలికే కీలకమని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: హేవలాక్ వంతెన, గోదావరి, పుష్కరఘాట్, జనప్రవాహం, వరద.

1. ఉపోద్ఘాతం
1897లో నిర్మాణం మొదలైన హేవలాక్ వంతెనపై 1900లో రైళ్ల రాకపోకలు ప్రారంభమయ్యాయి. నాటి మద్రాసు గవర్నరు పేరు దీనికి పెట్టారు. 56 స్పాన్లతో, దాదాపు 2.7 కిలోమీటర్ల పొడవున్న ఈ వంతెనపై 1997లో రైళ్లు నిలిచిపోయాయి. 2025 జూన్ 26న శంకుస్థాపన జరిగిన రూ.94.44 కోట్ల ‘అఖండ గోదావరి’ పథకంలో ఈ వంతెన, పుష్కరఘాట్ అభివృద్ధి భాగాలు. 2015 జులై 14న, పుష్కరాల తొలిరోజు, అదే ఘాట్ వద్ద తొక్కిసలాటలో 27 మంది మరణించారు. 2027లో మళ్లీ పుష్కరాలు రానున్నాయి. కనుక ఈ ప్రణాళికను సుందరీకరణగా మాత్రమే చూడలేము.

2. బలం – కదలిక
భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం పాదచారుల వంతెనను చదరపు మీటరుకు 500 కిలోల భారానికి రూపొందించాలి. మనిషి బరువు 60 కిలోలనుకుంటే ఇది ఎనిమిది మందికి సమానం. అంత ఒత్తిడిలో మనిషి అడుగు వేయలేడు. అంటే వంతెన నిలిచినా జనం నిలువలేని స్థితి ఉంటుంది.

ఉదాహరణకు, మూడు మీటర్ల వెడల్పు నడకదారిపై చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున నిండితే 16,200 మంది అవుతారు. మీటరు వెడల్పుకు సెకనుకు ఒకరు చొప్పున రెండు చివరల నుంచీ బయటపడినా, వంతెన ఖాళీ కావడానికి 45 నిమిషాలు పడుతుంది. నది మధ్య వేరే దారి ఉండదు. కాబట్టి ఎందరిని అనుమతించాలో తేల్చవలసింది ఉక్కు దూలాల బలం ఒక్కటే కాదు, నిష్క్రమణ ద్వారాల వెడల్పు కూడా.

3. తీరం – వరద
వంతెన దిగిన జనం, స్నానానికి వెళ్లే జనం ఒకే ఇరుకుదారిలో ఎదురుపడకూడదు. రాకకు, పోకకు వేర్వేరు దారులు, వాటి మధ్య ఖాళీస్థలం అవసరం. ఆ స్థలాన్ని దుకాణాలు ఆక్రమిస్తే ప్రణాళిక ప్రయోజనం దెబ్బతింటుంది. తీరంపై చేపట్టే నిర్మాణాలు వరదకు అడ్డు కారాదు. 1986 ఆగస్టులో దిగువన ధవళేశ్వరం వద్ద దాదాపు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అక్కడ 11.75, 13.75, 17.75 అడుగుల వద్ద వరుసగా మూడు హెచ్చరికలు జారీ చేస్తారు. ఘాట్‌లను, వంతెనను ఎప్పుడు మూయాలో ఈ మట్టాలతో ముందే ముడిపెట్టాలి.

4. ముగింపు
పాత వంతెనను నిలుపుకోవడం చరిత్రపట్ల గౌరవం. దానిపై నడిచినవారు క్షేమంగా ఒడ్డు చేరేలా చూడడం ప్రణాళిక ధర్మం. అందుకే రూపకల్పన నిష్క్రమణ ద్వారాల వద్ద మొదలై వంతెన వైపు సాగాలి.