అగ్రగణ్యుడెవరు?

ఏటా మే మాసంలో పాడేరు మోదకొండమ్మ తల్లి జాతరతో పులకిస్తుంది. అమ్మవారి పాదాలను, ఘటాలను భక్తులు శిరస్సున దాల్చి శతకంపట్టుకు తరలిస్తారు. మన్యపు గిరిపుత్రికలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసి థింసా ఆడతారు. అందులో చివరి అడుగు తడబడితే మొదటి అడుగూ తప్పినట్లే.

సరిగ్గా పరీక్షా ఫలితాలు వెలువడే కాలమూ ఈ వేసవే. ప్రథమస్థానం పొందిన బిడ్డను 'అగ్రగణ్యుడు' అని మురిపెంగా పిలుచుకుంటాం. ఆ మాటకు అర్థమేమిటో ఎప్పుడైనా యోచించారా? అగ్రమంటే ముందుభాగం, గణ్యుడంటే లెక్కింపదగినవాడు. లెక్కించవలసింది ఇతరులే. తనను తాను లెక్కించుకునేవానికి ఆ పదం చెల్లదు.

హనుమంతుని జ్ఞానులలో అగ్రగణ్యునిగా స్తుతిస్తాం. సముద్రతీరాన వానరవీరులు తమ శక్తిని చాటుకుంటున్న వేళ ఆయన ఏమన్నాడు? గజుడు పది యోజనాలన్నాడు. వృద్ధుడైన జాంబవంతుడు తొంభై అన్నాడు. అంగదుడు నూరు యోజనాలు దాటగలనన్నా, తిరిగిరావడం సందేహమన్నాడు. మారుతి మాత్రం మౌనంగా ఒక పక్కన కూర్చున్నాడు. ఆయన బలాన్ని ఆయనకు గుర్తుచేసినవాడు జాంబవంతుడు.

సీత జాడ తెలిసిన పిమ్మట శ్రీరామచంద్రుడు సేవకులను మూడు తెగలుగా వివరించినట్లు వాల్మీకి యుద్ధకాండ తొలిసర్గ చెబుతుంది. అప్పగించిన దుష్కరకార్యాన్ని నెరవేర్చి, దానికి తగిన మరికొంత పనిని అనురాగంతో చేసేవాడు ఉత్తముడు. సమర్థుడై ఉండీ చెప్పినంత మాత్రమే చేసేవాడు మధ్యముడు. సమర్థుడై ఉండీ చెప్పినదే శ్రద్ధగా చేయనివాడు అధముడు. అటుపై తన సర్వస్వంగా భావించి ఆంజనేయునికి గాఢాలింగనమిచ్చాడు.

ఇందులోని సూక్ష్మాన్ని గమనించండి. శక్తి చాలనివానిని రాముడు అధముడనలేదు. శక్తి ఉండీ శ్రద్ధ చూపనివానినే అన్నాడు. కనుక మనసు పెట్టి చదివినా మార్కులు తగ్గిన బిడ్డను పొరుగింటి ర్యాంకుతో పోల్చి నొప్పించడం ధర్మం కాదు. ఆ మాట పసిగుండెలో ఎంత లోతుగా దిగుతుందో పెద్దలకు తెలియకపోవచ్చు. అటువంటి వేళ ఇంట ఒక జాంబవంతుడు ఉండాలి. బిడ్డ మరచిన బలాన్ని వానికి గుర్తుచేయాలి.

ప్రథముడైన బిడ్డకూ ఒక పని అప్పగించండి. తోటివానికి తెలియని పాఠం చెప్పిరమ్మనండి. చెప్పినదానికన్నా మరికొంత ప్రేమతో చేయడమే రాముడు మెచ్చిన గుణం. జాతరలో తల్లి పాదాలను మోసే శిరస్సు ఎంత ఎత్తున ఉన్నా, ఆ పాదాల కింద ఉన్నదే. ఆ ఎరుక కలిగినవాడే అగ్రగణ్యుడు.