పైన నిప్పు, కింద నిప్పు: దిబ్బరొట్టె

మినప్పప్పు, బియ్యపు రవ్వ, ఉప్పు, జీలకర్ర కలిపి, నూనె వేసిన మందపాటి మూకుడులో కాల్చేది దిబ్బరొట్టె. మినపరొట్టె అన్నా ఇదే. కృష్ణా, గోదావరి జిల్లాల ఇళ్లలో పొద్దుటి ఫలహారంగానూ, సాయంత్రం చిరుతిండిగానూ చేస్తారు. గోధుమపిండి, ఈస్టు, ఓవెన్‌ ఏవీ దీనికి అక్కర్లేదు. అయినా రొట్టెకు ఉండాల్సిన మూడు గుణాలూ దీనికి ఉన్నాయి: పులిసి పొంగిన పిండి, గుల్లగా ఉడికిన లోపలి భాగం, ఎర్రగా కాలిన పెచ్చు. నూజివీడు మామిడి తోటల ఊళ్లలో వేసవి వస్తే దీని పక్కన కొత్తావకాయ చేరుతుంది.

ఒకే చేను, రెండు దినుసులు

రొట్టెలోని రెండు ముఖ్య దినుసులూ ఒకే చేలో పండగలవు. కృష్ణా డెల్టా మాగాణుల్లో సార్వా వరి కోతకు కొద్ది రోజుల ముందు, నేల ఇంకా తడిగా ఉండగానే, నిలిచి ఉన్న వరిలో మినుములు చల్లుతారు. కోత అయ్యేసరికి అవి మొలకెత్తి ఉంటాయి. ఆ తర్వాత నేలలో మిగిలిన తేమతోనే పైరు ఎదుగుతుంది. గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం ఇలాంటి మాగాణులకు అనువైన మినుము రకాలను రూపొందించింది. ఎల్‌బీజీ అనే అక్షరాలతో మొదలయ్యే రకాలన్నీ అక్కడివే.

నూజివీడు ఈ డెల్టాకు ఎగువన ఉన్న మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్‌ 4న కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. చుట్టూ ఎర్రనేలల్లో బంగినపల్లి, చిన్నరసం, కలెక్టరు కాయగా పిలిచే తోతాపురి తోటలు ఉంటాయి. మాగాణి మినుములు ఇల్లు చేరిన కొద్ది వారాలకే తోటల్లో కాయ కోతకు వస్తుంది. రొట్టెకు కొత్త పప్పు, నంజుడుకు కొత్త కాయ ఒక వేసవిలోనే దొరుకుతాయి.

పిండి

గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల బియ్యపు రవ్వ సరిపోతుంది. రవ్వ పెరిగితే రొట్టె కరకరలాడుతుంది, పప్పు పెరిగితే మెత్తబడుతుంది. గుళ్లను నాలుగైదు గంటలు నానబెట్టి, నీళ్లు చిలకరిస్తూ గట్టిగా, మెత్తగా రుబ్బాలి. చుక్క పిండి నీళ్లలో వేస్తే తేలాలి. తేలిందంటే రుబ్బేటప్పుడు పిండిలోకి గాలి చేరినట్టే. రవ్వను కడిగి గంటసేపు నాననిచ్చి, గట్టిగా పిండి ఇందులో కలపాలి. ఇడ్లీ పిండి కంటే ఇది గట్టిగా ఉండాలి. పలచనైతే రొట్టె మధ్యలో ముద్దగా మిగులుతుంది. ఉప్పు, చెంచా జీలకర్ర వేస్తే పిండి సిద్ధం. వంటసోడా అవసరం లేదు.

పొంగు

గోధుమ రొట్టెలో గాలి బుడగలను పట్టి ఉంచేది గ్లూటెన్‌. అది బియ్యంలోనూ లేదు, మినుములోనూ లేదు. ఆ లోటును మినప్పప్పులోని గ్లోబ్యులిన్‌ ప్రొటీన్లు, అరబినోగెలాక్టన్‌ అనే జిగురు పదార్థం కలిసి తీరుస్తాయి. రుబ్బిన పిండికి జిగి వచ్చేది వీటివల్లే.

ఇక పొంగించే పని ల్యూకోనోస్టాక్‌ మెసెంటరాయిడిస్‌ వంటి లాక్టిక్‌ బ్యాక్టీరియాది. దీన్ని బయటి నుంచి తెచ్చి వేయనక్కర్లేదు. పప్పుతోనే వచ్చి, నానేటప్పుడు వృద్ధి చెందుతుంది. పిండిలోని చక్కెరల నుంచి లాక్టిక్‌ ఆమ్లాన్ని, కార్బన్‌ డయాక్సైడ్‌ను తయారుచేస్తుంది. మొదటిది పులుపునిస్తుంది, రెండోది పొంగునిస్తుంది. మే నెల ఎండల్లో ఐదారు గంటల్లోనే పిండి పొంగుతుంది. చలికాలంలో రాత్రంతా పడుతుంది. మరీ పులిస్తే పులుపు పెరిగి, పొంగు కుంగిపోతుంది. కొన్ని ఇళ్లలో పులియనివ్వకుండా కలిపిన వెంటనే కాలుస్తారు. ఆ రొట్టె బిగువుగా ఉంటుంది, పప్పు రుచి ఎక్కువగా తెలుస్తుంది.

కాల్పు

ఇదే పిండిని ఆవిరి మీద ఉడికిస్తే తెల్లగానే ఉంటుంది. మామూలు ఆవిరి వేడి 100 డిగ్రీలకు మించదు. పెచ్చు ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. నూనె వేసిన ఇనుప మూకుడు ఆ వేడిని అందుకుంటుంది.

మూడు నాలుగు చెంచాల నూనె వేడయ్యాక పిండిని రెండంగుళాల మందాన పరిచి, మూత పెట్టి, సన్నని సెగ మీద ఇరవై నిమిషాల దాకా ఉంచాలి. మంట పెద్దదైతే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగా ఉంటుంది. అంచులు ఎర్రబడి మూకుడును వదిలాక అట్లకాడతో తిరగేసి మరో పది నిమిషాలు కాల్చాలి. గుచ్చిన పుల్లకు పిండి అంటకపోతే ఉడికినట్టు.

పూర్వం తిరగేసే పని ఉండేది కాదు. కుంపటి మీద మూకుడు ఉంచి, పళ్లెం మూతపెట్టి, దానిపైనా నిప్పులు పోసేవారు. రెండు వైపులా సెగ తగిలి, మూకుడే చిన్న ఓవెన్‌ అయ్యేది. అమెరికాకు వలస వెళ్లినవారు డచ్‌ ఓవెన్‌ అనే ఇనుప పాత్ర మూత మీద బొగ్గులు పేర్చి గోధుమ రొట్టెలు కాల్చింది ఈ సూత్రంతోనే. తెలంగాణలో గిన్నప్ప అని కూడా పిలిచే సర్వపిండిని గిన్నెలోనే కాలుస్తారు గానీ, అది పులియని బియ్యప్పిండిని పలచగా ఒత్తి చేసేది.

నంజుడు

గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టెకు చెరకు పానకం జోడీ. మామిడి ప్రాంతంలో ఆవకాయ, అందులో ఊరిన నువ్వుల నూనె ముందు వరసలో ఉంటాయి. పులుపు, ఆవ ఘాటు కలిసి రొట్టెలోని నూనె జిడ్డును విరుస్తాయి. పండిన చిన్నరసాల రసం పిండుకుని ముంచుకున్నా బాగుంటుంది. గుల్లగా ఉన్న రొట్టె రసాన్ని పీల్చుకుంటుంది, పెచ్చు మాత్రం మెత్తబడదు.

రొట్టెను పది నిమిషాలు ఆరనిచ్చి ముక్కలు కోస్తే విరగదు. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి పెచ్చు మెత్తబడుతుంది. మిగిలిన ముక్కలను మర్నాడు పెనం మీద కాస్త నూనెతో కాలిస్తే మళ్లీ కరకరలాడతాయి. మిగిలిన పిండిలో ఉల్లి, పచ్చిమిర్చి తరిగి వేస్తే గుంతపునుగులకు పనికొస్తుంది.